సంచి మీది చీటీ

(సమాఖ్య కార్యకర్తల శిక్షణ తరగతులలో ఇచ్చిన ఉపన్యాసపు పాఠం)



ఉదయం నుండి పింఛను గూర్చి, ఖాళీల భర్తీ గూర్చి విన్నారు. మేము మాట్లాడబోయే విషయం జీతభత్యాలకు సంబంధించినది కాదు. మీలో చాలామంది ఈ క్షణాన బల్ల క్రింద దాచి చూచుకొంటున్న చేతిఫోనుకు సంబంధించినది. (నవ్వులు) కార్యక్రమ పత్రంలో దీనికి "రిలే జాలాలపై గుప్త సందేశ యాప్‌ల నిర్మాణం" అని పెద్ద పేరు పెట్టినారు. పేరు చూచి భయపడవద్దు. ఇందులో మన రైల్వే వారికీ, ఆర్.ఎం.ఎస్. వారికీ తెలియని సూత్రం దాదాపు ఏదీ లేదు.

ముందుగా ఒక సంగతి చెప్పి తరువాత విషయంలోకి పోతాము. రెండు సంవత్సరాల క్రితం మన శాఖలలో ఒకదానిలో జరిగినది. ఊరు పేరు, ఆఫీసు పేరు చెప్పము. రాత్రి సెట్టులో పనిచేస్తున్న ఒక సార్టింగ్ అసిస్టెంటు, మూడు వారాలుగా తనకు వారపు సెలవు దొరకలేదనీ, అడిగితే పై అధికారి అనరాని మాట అన్నాడనీ శాఖ వారి ఫోను బృందంలో రాత్రి పదకొండు గంటలకు వ్రాసినారు. నాలుగవ రోజున ఆమెకు ప్రవర్తనా నియమావళి క్రింద చార్జిషీటు అందినది. దానికి జతపరచిన కాగితాలలో ఆమె సందేశం ఫోటో ఉన్నది. ఆ కేసు ఎనిమిది నెలలు నడిచినది. ఆ ఎనిమిది నెలలూ శాఖలో వినిపించిన మాట ఒక్కటే: "యాప్ కంపెనీ వాడు మన మాటలు అమ్ముకున్నాడు. మనకొక సొంత యాప్ ఉండాలి, సొంత సర్వరు ఉండాలి." గత కార్యవర్గ సమావేశంలో మూడు శాఖలు ఇదే తీర్మానం పంపినవి. ఆ తీర్మానాన్ని పరిశీలించే పని మాకు అప్పగించినారు గనుక ఇవాళ ఈ ఉపన్యాసం.

కంపెనీ అమ్ముకున్నదా లేదా అనేది తరువాత చెప్తాము. ముందు సీలు సంగతి చూద్దాము.

తపాలా సంచికి సీలు ఎందుకు వేస్తాము? దారిలో ఎన్ని చేతులు మారినా, మెయిల్ వ్యానులో ఎన్ని గంటలు ఉన్నా, తెరవదగిన ఆఫీసు తప్ప మరెవ్వరూ తెరవలేదని తెలియటానికి. ఫోను సందేశానికి వేసే గుప్తలేఖనం ఆ సీలు కంటె ఒక మెట్టు పైది. సీలును విరుగగొట్టవచ్చు, విరిగినట్లు తెలుస్తుంది, అంతే. గుప్తలేఖనాన్ని నేటి యంత్రాలతో విరుగగొట్టటం ఆచరణలో సాధ్యం కాదు. పంపినవారి ఫోనులో తాళం పడుతుంది, అందుకొన్నవారి ఫోనులో తాళం తీయబడుతుంది, మధ్యలో ఉన్న సర్వరు మోసుకొని పోయే హమాలీ మాత్రమే.

ఎన్నడూ కలుసుకోని ఇద్దరికి ఒకే తాళంచెవి ఎట్లా వచ్చినది అని ఎవరైనా అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. పూర్వం సైన్యాలు, రాయబార కార్యాలయాలు తాళంచెవిని మనిషి చేత పంపుకొనేవి. అందరూ వింటున్న తీగ మీదనే మాట్లాడుకొని, వింటున్నవారికి అంతుపట్టకుండా ఒక ఉమ్మడి రహస్యాన్ని తయారుచేసుకొనే గణిత పద్ధతిని 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అనే ఇద్దరు అమెరికనులు ప్రకటించినారు. దాని వెంట వచ్చిన పద్ధతులలో ప్రతి వ్యక్తికి రెండు తాళంచెవులు ఉంటాయి, ఒకటి బహిరంగం, ఒకటి రహస్యం. మన తపాలా పెట్టె వంటిదే అనుకోండి. ఉత్తరం వేయటానికి దారిన పోయే ఎవరికైనా వీలున్నది. తీయటం తాళంచెవి ఉన్న ఉద్యోగికే సాధ్యం.

ఇక స్టేషను మాస్టర్లు ఒక్క నిమిషం శ్రద్ధగా వినాలి. గేటు మూసినానని గేటుమాన్ టెలిఫోనులో చెప్తే ఆ మాట చాలదు. ప్రైవేటు నంబరు చెప్పాలి. ఆ నంబర్లు వరుసలో ఉండవు. వాడిన నంబరును వెంటనే కొట్టివేసి, ఏ బండికి ఇచ్చినామో ఎదుట వ్రాసుకొంటాము. నిన్నటి నంబరు ఇవాళ పనికిరాదు, ఒక బండికి ఇచ్చినది మరొక బండికి చెల్లదు. ట్రెవర్ పెరిన్, మాక్సీ మార్లిన్‌స్పైక్ అనే ఇద్దరు 2013లో రూపొందించిన పద్ధతికి ప్రాణం ఇదే. ప్రతి సందేశానికి కొత్త తాళంచెవి పుడుతుంది, వాడిన తరువాత నాశనం చేయబడుతుంది. ఇవాళ మీ ఫోనులోని తాళంచెవి ఒకడు దొంగిలించినా నిన్నటి గుప్తలేఖను విప్పలేడు. ఇరువైపులా మాటలు సాగుతూ ఉంటే కొంతసేపటికి రేపటివి కూడా వానికి అందకుండా పోతాయి. సిగ్నల్ యాప్‌లో ఉన్నది ఇదే. వాట్సాప్ 2016 ఏప్రిల్ నాటికి తన వినియోగదారులందరికీ పెట్టినది కూడా ఇదే. కనుక సందేశంలోని మాట విషయంలో, సీలు విషయంలో, ఆ కేంద్రీకృత యాప్‌లు లోపభూయిష్టములని మేము అనము. సొంత యాప్ కోరే మిత్రులు ఈ సంగతి గ్రహించాలి.

అట్లయితే చిక్కు ఎక్కడ ఉన్నది? సంచి లోపల లేదు. సంచి మీది చీటీలో ఉన్నది.

కవరు చించకుండానే ఎంత తెలుస్తుందో సార్టరుకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఏ ఆఫీసు ముద్ర, ఏ తేదీ, ఏ చిరునామా, ఎంత బరువు, వారానికి ఎన్నిసార్లు. ఒక ఇంటికి నెలనెలా ఒకే ఆసుపత్రి నుండి కవరు వస్తుంటే, తరువాత న్యాయవాది నుండి వస్తే, లోపలి కాగితం చదవవలసిన పని ఉన్నదా? సంఘం సంగతి చూడండి. గేటు మీటింగుకు ముందు రాత్రి శాఖా కార్యదర్శి ఫోను నుండి పద్నాలుగు మందికి సందేశాలు పోయినవి. వారిలో పదకొండు మంది అదే గంటలో మరి నలుగురికి, ఐదుగురికి పంపినారు. ఈ మాత్రం తెలిస్తే కార్యవర్గం ఎవరు, కార్యకర్తలు ఎవరు, ఊగిసలాడేవారు ఎవరు అన్నది చెట్టు గీసినట్లు గీయవచ్చు. ఒక్క అక్షరం చదవనక్కర లేదు. బదిలీ ఉత్తర్వుల జాబితా తయారుచేయటానికి అది చాలును.

కేంద్రీకృత యాప్‌లో ఈ చీటీలన్నీ ఒకే కంపెనీ గదిలో నుండి పోతాయి. చీటీలను తక్కువగా ఉంచుకొనే కంపెనీలు ఉన్నవి, ఎక్కువగా ఉంచుకొనే కంపెనీలు ఉన్నవి, కానీ ఉంచుకోవాలా వద్దా అన్న నిర్ణయం వారిది. పైగా చాలా యాప్‌లలో మనిషి గుర్తింపు ఫోను నంబరే. మన దేశంలో ఫోను నంబరు అంటే గుర్తింపు పత్రం ఇచ్చి తీసుకొన్నది.

రెండవ చిక్కు, జంక్షను చిక్కు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ కంపెనీ తన జాలం అమరికలో చేసిన ఒక పొరపాటు వల్ల వాట్సాప్‌తో సహా ఆ కంపెనీ సేవలన్నీ దాదాపు ఆరు గంటలపాటు ప్రపంచమంతటా నిలిచిపోయినవి. 2025 అక్టోబరు 20న అమెజాన్ కంపెనీ సర్వర్లకు అంతరాయం కలిగితే, దాని మీద ఆధారపడిన సిగ్నల్ కూడా ఆగినది. గుప్తలేఖనం ఎంత బలమైనదైనా సరే, అన్ని బండ్లూ ఒకే యార్డు గుండా పోవలసి ఉంటే ఆ యార్డులో పట్టా తప్పిన నాడు ఏ బండీ కదలదు.

ఈ రెండు చిక్కులకు సమాధానంగా వచ్చినవే వికేంద్రీకృత జాలాలు. ఇవి ఒకే రకమైనవి కావు. ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి.

మొదటి రకం సమాఖ్య రకం. 1874లో బెర్న్ నగరంలో ఇరవై రెండు దేశాలు ఒప్పందం చేసుకొని తపాలా యూనియన్ ఏర్పరచినవి. మన దేశం 1876లో చేరినది. ఏ దేశం తపాలా ఆ దేశానిదే, అయినా ఇక్కడ పెట్టెలో వేసిన ఉత్తరం అక్కడ బట్వాడా అవుతుంది. మ్యాట్రిక్స్ అనే పద్ధతి ఇట్లాంటిది. ఎవరి సర్వరు వారిది, సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకొంటాయి. ఫ్రాన్సు ప్రభుత్వం 2019లో తన ఉద్యోగుల కోసం ఈ పద్ధతి మీదనే సొంత యాప్ ఏర్పాటు చేసుకొన్నది. ఇందులో లోపం ఏమంటే, ఒక బృందంలో పది సర్వర్ల వారు ఉంటే ఆ పది సర్వర్లలోనూ బృంద సభ్యుల పేర్లు, ఎవరు ఎప్పుడు మాట్లాడినారు అన్న చిట్టా ఉంటాయి. చీటీలు ఒక గదిలో పోగుపడటానికి బదులు పది గదులలో పోగుపడతాయి.

రెండవ రకం అసలైన రిలే రకం. 2020లో మొదలైన నోస్టర్ దీనికి ఉదాహరణ. ఇందులో సర్వరుకు అధికారం లేదు, బుద్ధీ లేదు. అది సార్టింగ్ కేసులోని అర మాత్రమే. వచ్చినది పెట్టుకొంటుంది, అడిగినవారికి ఇస్తుంది. మీ గుర్తింపు మీ తాళంచెవుల జత. ఏ కంపెనీ ఇచ్చినది కాదు గనుక ఏ కంపెనీ రద్దు చేయలేదు. ఒకే సందేశాన్ని మూడు నాలుగు రిలేలలో వేస్తారు. ఒకటి మూతపడితే మరొకదానిలో దొరుకుతుంది.

ఈ నోస్టర్‌లో మొదట వచ్చిన ఆంతరంగిక సందేశాల పద్ధతిని చూస్తే నిర్మాతలు చేసే పొరపాటు ఎట్లా ఉంటుందో తెలుస్తుంది. లోపలి మాటను చక్కగా గుప్తం చేసినారు. కవరు మీద మాత్రం పంపినవారి బహిరంగ తాళంచెవి, అందుకొనేవారి తాళంచెవి, సమయం, అన్నీ తెల్లగా వ్రాసినారు. రిలేలు బహిరంగం. కేంద్రీకృత యాప్‌లో కంపెనీ ఒక్కటే చూడగలిగిన చీటీని ఇక్కడ ప్రపంచంలో ఎవరైనా చూడవచ్చు! వికేంద్రీకరణ అన్న మాట వినగానే భద్రత అనుకొనేవారికి ఇది మంచి పాఠం. యజమాని లేకపోవటం వేరు, చూచేవాడు లేకపోవటం వేరు.

తరువాత దీనిని సవరించినారు. ఆ సవరణ మన ఆర్.ఎం.ఎస్. వారికి ముచ్చట గొలుపుతుంది. ఉత్తరాన్ని సంతకం లేకుండా వ్రాస్తారు. దానిని పంపినవారి తాళంచెవితో ముద్రించిన లోపలి కవరులో పెడతారు. ఆ కవరును, ఒక్కసారి వాడి పారవేసే తాళంచెవితో చేసిన పై కవరులో పెడతారు. కనుక పంపినవారెవరో పై కవరు చెప్పదు. తేదీ కూడా నిజమైనది వేయరు. గడచిన రెండు రోజులలో ఏదో ఒక సమయం వేస్తారు. మన ఆఫీసులో తేదీ ముద్ర మార్చి కొట్టితే చార్జిషీటు తప్పదు, అక్కడ అదే భద్రతా సూత్రం. (నవ్వులు) అయినా రెండు లోపాలు మిగిలినవి. అందుకొనేవారి గుర్తు పై కవరు మీద ఉండక తప్పదు, లేకపోతే ఎవరికి ఇవ్వాలో రిలేకు తెలియదు. రెండవది ఇంకా ముఖ్యం. ప్రైవేటు నంబరు కొట్టివేసే పద్ధతి ఇందులో లేదు. ఒకే తాళంచెవి ఏళ్ల తరబడి వాడబడుతుంది. అది పోయిన నాడు పాత ఉత్తరాలన్నీ పోయినట్లే, రిలేలలో అవి ఇంకా పడి ఉండవచ్చు గనుక.

మూడవ రకం, సింప్లెక్స్ అనేది. ఇందులో మనిషికి చిరునామాయే లేదు. రాముడు సోముడితో మాట్లాడాలంటే రెండు అరలు, రాముడి నుండి సోముడికి ఒకటి, సోముడి నుండి రాముడికి ఒకటి, వేర్వేరు రిలేలలో ఉండవచ్చును. పేరు లేకుండా, నంబరు మాత్రమే ఉన్న పోస్టుబాక్సు వంటిది. సోముడు మరొకరితో మాట్లాడాలంటే మళ్లీ వేరే అరలు. రిలే యజమాని అరల నంబర్లు చూస్తాడే గాని ఆ రెండు అరలూ ఒకే మనిషివని తెలుసుకోవటం కష్టం. చిన్న మాటకూ పెద్ద మాటకూ తేడా తెలియకుండా ప్రతి కట్టను పదహారు కిలోబైట్ల ఒకే కొలతకు నింపి పంపుతారు, బరువు చూచి ఊహించే సార్టరుకు ఆ ఆధారం కూడా లేకుండా. దీనికి ఇచ్చే మూల్యం తక్కువది కాదు. ఎవరినీ వెదికి పట్టుకోలేము, ముఖాముఖిగా గాని, వేరే దారిలో గాని ఆహ్వానం ఇచ్చుకోవాలి. ఫోను పోతే, నకలు దాచుకోకపోతే, పరిచయాలన్నీ పోతాయి. బృందంలో ప్రతివారి ఫోను ప్రతివారికి విడివిడిగా పంపాలి గనుక వందల మంది బృందం బరువెక్కుతుంది.

బృందాల సంగతి సంఘానికి ప్రాణప్రదం. ఒక సభ్యుడు పదవీ విరమణ చేసినాడు, లేదా మరొక సంఘంలోకి పోయినాడు. ఆయన చేతిలో పాత తాళంచెవి ఉన్నది. మిగిలినవారు తాళం మార్చుకోవాలి. వేయిమంది ఉన్న బృందంలో వేయిమందికీ విడివిడిగా కొత్త తాళంచెవి పంపటం ఒక పద్ధతి. 2023 జూలైలో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ 9420 సంఖ్యతో ప్రకటించిన ఎం.ఎల్.ఎస్. పద్ధతిలో సభ్యులను చెట్టు కొమ్మల వలె అమర్చుతారు. మామూలుగా ఒక ఆకు నుండి మొదలు వరకు ఉన్న మెట్లు మారిస్తే సరిపోతుంది, వేయిమందికి సుమారు పది మెట్లు. ఈ పద్ధతిని నోస్టర్ రిలేల మీద నడిపే ప్రయత్నాలు జరుగుతున్నవి. అవి ఇంకా లేత మొక్కలు. వాటి మీద ఒక ఉద్యోగి జీవనోపాధిని వ్రేలాడదీయమని మేము చెప్పలేము.

ఇక అసలు ప్రశ్న, మూడు శాఖల తీర్మానం. సమాఖ్య సొంతంగా రిలే నడపాలా?

మొదట మేము కూడా నడపాలనే అనుకొన్నాము. అద్దెకు ఒక సర్వరు, నెలకు కొద్ది ఖర్చు, చందాలో భరించగలిగినదే. ఆలోచించిన కొద్దీ ఉత్సాహం తగ్గినది. ఎందుకో చెప్తాము.

1981లో డేవిడ్ చామ్ అనే శాస్త్రజ్ఞుడు, ఎవరు ఎవరికి పంపినారో తెలియకుండా ఉత్తరాలు పంపే ఉపాయం ఒకటి ప్రచురించినాడు. మధ్యలో ఒక సార్టింగ్ ఆఫీసు ఉంటుంది. అది వచ్చిన ఉత్తరాన్ని వచ్చినట్లు పంపదు. పోగయ్యేదాకా ఆగి, పై కవరు ఊడదీసి, కలగాపులగం చేసి, కొత్త క్రమంలో పంపుతుంది. ఇట్లాంటి ఆఫీసులు వరుసగా రెండు మూడు ఉంటే, వాటిలో ఒక్కటి నిజాయితీగా ఉన్నా చాలు. నేడు టార్ అనే జాలంలో మామూలుగా మూడు రిలేల గుండా సమాచారం పోతుంది. మొదటిదానికి పంపినవారు తెలుసు, చివరిదానికి గమ్యం తెలుసు, రెండూ తెలిసినది ఏదీ లేదు. అయితే టార్ ఆగి కలపదు, వేగం కోసం వెంటనే పంపుతుంది. రెండు చివరలనూ ఒకేసారి గమనించగలవానికి జత కలపటం సాధ్యమే.

ఇందులో ఉన్న కీలకం ఏమిటి? గుంపు. వేయి ఉత్తరాల సంచిలో ఒక ఉత్తరం దాగుతుంది. ఒకే ఉత్తరం ఉన్న సంచిలో ఏదీ దాగదు, ఎంత లక్క కరిగించి పోసినా. మన సమాఖ్య పేర ఒక రిలే పెట్టినామనుకోండి. దానికి కలిసే ప్రతి ఫోనూ సమాఖ్య కార్యకర్త ఫోనే. లోపలి మాట, పంపినవారు, అందుకొన్నవారు, అన్నీ దాచినా, "ఈ ఫోను ఆ రిలే తలుపు తట్టినది" అన్న ఒక్క చీటీ మొత్తం కథ చెప్తుంది. సభ్యత్వ జాబితాను మన చేతితో మనమే తయారుచేసి ఇచ్చినట్లు. లక్షల మంది పెండ్లి పిలుపులకూ, ధాన్యం ధరలకూ వాడుకొనే యాప్‌లో సంఘ కార్యకర్త మాట కూడా ఒకటిగా కలిసిపోతుంది. సొంత ఇల్లు అన్ని వేళలా క్షేమం కాదు.

చట్టం సంగతి కూడా ఉన్నది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ సంస్థ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సేవలు అందించేవారు, మధ్యవర్తి సంస్థలు తమ యంత్రాల చిట్టాలను 180 రోజులు భద్రపరచాలి. రిలే నడిపేవారు మధ్యవర్తి నిర్వచనంలోకి వస్తారని మన న్యాయ సలహాదారు అభిప్రాయం. అంటే చీటీలు ఉంచుకోకూడదన్న ఉద్దేశంతో పెట్టిన రిలేకు చీటీలు ఉంచుకొనే బాధ్యత చుట్టుకొంటుంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 69వ సెక్షను క్రింద గుప్తలేఖనాన్ని విప్పటంలో సహకరించకపోతే ఏడు సంవత్సరాల వరకు జైలు. విప్పే తాళంచెవి రిలే వద్ద లేదని వాదించవచ్చును. ఆ వాదన ఏ మెజిస్ట్రేటు ముందు, ఎంతకాలం, ఎవరు చేస్తారు? ఆ కాగితం మీద పేరు ఉండేది మన కోశాధికారిది. (కోశాధికారి: "నా పేరు వద్దు!" నవ్వులు)

2023 మేలో ఎలిమెంట్, బ్రయర్, త్రీమా వంటి 14 యాప్‌లను కేంద్ర ప్రభుత్వం నిరోధించినట్లు పత్రికలలో వచ్చినది. జమ్మూ కాశ్మీరులో ఉగ్రవాదులు వాడుతున్నారన్నది చెప్పిన కారణం. ఆ కారణాన్ని మేము చులకన చేయము. మన మెయిల్ బండ్ల మీద కూడా బాంబులు పడినవి, మన ఉద్యోగులు చనిపోయినారు. కానీ ఒకటి అడగవలసి ఉన్నది. దొంగ కూడా తాళం కొంటాడని ఇంటి తాళాలు నిషేధిస్తామా? ఏది ఎట్లున్నా, ఒక యాప్ పై నిషేధం ఉన్నదో లేదో చూచుకోకుండా శాఖలో ప్రవేశపెట్టవద్దు. ప్రభుత్వోద్యోగులకు అది చిన్న విషయం కాదు.

ఉత్తరపు రహస్యం మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర లేదు. తంతి చట్టం 1885 నాటిది, తపాలా చట్టం 1898 నాటిది. వాటిలో సర్కారుకు ఉత్తరాలను అడ్డగించే అధికారం ఉండేదన్నది నిజమే. దానితో పాటు, అధికారం లేకుండా ఉత్తరం విప్పిన తపాలా ఉద్యోగికి జైలు శిక్ష కూడా 1898 చట్టంలో ఉండేది. 1986లో తపాలా అధికారాన్ని విస్తరించే సవరణ బిల్లును పార్లమెంటు ఆమోదించినా రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ సంతకం చేయలేదు, అది చట్టం కాలేదు. 1996 డిసెంబరులో టెలిఫోను వినికిడి కేసులో సుప్రీంకోర్టు, హోం కార్యదర్శి స్థాయి ఉత్తర్వు, గడువు, సమీక్షా సంఘం ఉండాలని ఆదేశించినది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కు అన్నది. 2021 నియమాలు మాత్రం, యాభై లక్షలకు పైబడి వినియోగదారులున్న సందేశ కంపెనీలు ఒక సందేశాన్ని మొదట పంపినది ఎవరో చెప్పగలిగి ఉండాలన్నవి. దాని మీద వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు పోయినది. 2023 తపాలా చట్టం 2024 జూన్ 18 నుండి అమలులోకి వచ్చినది. అడ్డగించే అధికారం అందులో నిలిచినది. ఉత్తరం విప్పిన ఉద్యోగికి పాత చట్టంలో ఉన్న శిక్ష మాత్రం ఎగిరిపోయినది. తపాలా సోదరులు దీనిని గమనించినారో లేదో. శిక్ష పోయినందుకు సంతోషించవలసిన పని లేదు. ఆ శిక్షే మన ఉద్యోగానికి ఉన్న గౌరవం. ప్రజలు మన చేతిలో ఉత్తరం పెట్టినది అది ఉన్నదనే.

ఇప్పుడు మొదట దాచిన సంగతి. ఆ సోదరి సందేశం ఎట్లా బయటపడినది? మేము విచారించినాము. కంపెనీ అమ్మలేదు, ప్రభుత్వం అడ్డగించలేదు, సీలు విరగలేదు. బృందంలో ఉన్న రెండు వందల పై చిలుకు మందిలో ఒకరు తన ఫోను తెరను ఫోటో తీసి అధికారికి చూపినారు. ఎవరో మాకు తెలుసు. తన బదిలీ ఆగాలని చేసినాడు, ఆగలేదు కూడా. నోస్టర్ వాడినా, సింప్లెక్స్ వాడినా, చామ్ గారి సార్టింగ్ ఆఫీసులు పది వరుసగా పెట్టినా ఆ ఫోటో ఆగదు. తాళం తీసే హక్కు ఉన్నవాడే తీసినాడు. సంచి చేరవలసిన ఆఫీసుకే చేరినది.

ఇందులో మా తప్పు కూడా ఉన్నది, చెప్పక తప్పదు. రెండు వందల మంది చూచే చోట వ్యక్తిగత ఫిర్యాదు వ్రాయకూడదని ఆమెకు ఎవరు చెప్పినారు? ఆ బృందం ఏర్పరచినది మేము. సభ్యత్వం పెరుగుతున్నదని సంతోషించి, వచ్చినవారినందరినీ చేర్చినది మేము. 1974 మేలో రైల్వే సమ్మె నాడు, మే 2ననే నాయకులు అరెస్టు అయినా, 8వ తేదీన పనులు ఆగినవి. ఇంజను మీద పోయే మనిషి చెవిలో చెప్పిన మాట తరువాతి డిపోకు చేరేదని మన పెద్దలు చెప్తారు. ఆ మనిషి ఎవరో చెప్పేవానికి తెలుసు. ఇప్పుడు సాధనం పెరిగినది, తెలిసిన ముఖాలు తగ్గినవి.

కనుక మా పరిశీలన ఫలితం ఇది. సొంత రిలే తీర్మానాన్ని ప్రస్తుతానికి ఆమోదించవద్దని కార్యవర్గానికి చెప్పినాము. సర్క్యులర్లు, తీర్మానాలు, మహాసభ నిర్ణయాలు బహిరంగ బృందాలలోనే పోవాలి. మనది నమోదైన సంఘం, వాటిలో దాచవలసినది లేదు, అధికారి చదివితే ఇంకా మంచిది. వ్యక్తిగత ఫిర్యాదు, అనారోగ్యం, స్త్రీ ఉద్యోగుల మీద వేధింపు, క్రమశిక్షణ కేసు, ఇవి పెద్ద బృందంలోకి రాకూడదు. వచ్చిన మరుక్షణం తొలగించే బాధ్యత శాఖా కార్యదర్శిది. వాటికి ఇద్దరి మధ్య, లేదా నలుగురి మధ్య, నియమిత కాలంలో తమంతట తామే చెరిగిపోయే సందేశాలున్న యాప్ వాడాలి. ఎక్కువ మంది వాడేది, మూల లిపి బహిరంగంగా ఉన్నది, చీటీలు తక్కువ ఉంచుకొనేది ఎంచుకోవాలి. వాడే ముందు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చొని యాప్ చూపే భద్రతా సంఖ్యను సరిపోల్చుకోవాలి. ప్రైవేటు నంబరు అడగకుండా గేటు మీదికి బండిని వదలే స్టేషను మాస్టరు మనలో ఎవరూ లేరు గదా. ఫోనుకు తాళం పెట్టుకోవాలి, తెర మీద సందేశం దానంతట అది కనపడే సదుపాయం ఆపివేయాలి. ఈ చివరిది అతి సామాన్యమైనదని నవ్వవద్దు. చార్జిషీటు దాకా పోయిన మరొక కేసు మొదలైనది బల్ల మీద పెట్టిన ఫోను తెర నుండే.

రిలే పద్ధతులను పూర్తిగా వదలివేయమని మా ఉద్దేశం కాదు. కంపెనీ ఒకటి కుప్పకూలినా, ఒక యాప్ అమ్ముడుపోయినా, మనం తెగిపోకుండా ఉండటానికి వేరే దారి తెలిసి ఉండాలి. అందుచేత మూడు శాఖలలో, ఒక్కొక్క శాఖలో కార్యవర్గ సభ్యుల వరకే, అందరూ వాడే రిలేల మీద, ఆరు నెలలు ప్రయోగం చేసి చూద్దామని ప్రతిపాదించినాము. వ్యక్తిగత కేసులు ఏవీ అందులో పెట్టరాదు. సమావేశపు తేదీలు, బండి టైములు పంపుకొని చూడండి. ఫోను పోగొట్టుకొన్న సభ్యుడు తిరిగి ఎట్లా వచ్చినాడు, సిగ్నలు సరిగా లేని చిన్న స్టేషనులో ఎంత ఆలస్యమైనది, యాభై దాటిన మా వంటి వారికి ఎన్నిసార్లు చూపవలసి వచ్చినది, ఇవన్నీ వ్రాసి పంపాలి.

ఆ సోదరి కేసులో చివరకు హెచ్చరికతో సరిపెట్టినారు. వారపు సెలవు ఇప్పుడు వస్తున్నది. ఆమె ఇప్పటికీ ఏ బృందంలోనూ లేరు. మేము రెండుసార్లు అడిగినాము, మర్యాదగా నిరాకరించినారు.

ప్రయోగానికి ముందుకు వచ్చే శాఖల పేర్లు సాయంత్రం లోగా కార్యాలయ కార్యదర్శి గారికి కాగితం మీద వ్రాసి ఇవ్వవలసినదిగా కోరుతున్నాము. ప్రశ్నలకు భోజన విరామం తరువాత అర్ధగంట కేటాయించినారు.